రెండో వైపు కొట్టని కాగితం

దేవేంద్రప్ప సారు జీవితంలో మైకు ముందు నిలబడింది ఒక్కసారే. అదీ, తాను అబద్ధం చెప్పానని ఒప్పుకోవడానికి.

నిరుడు జులై ఒకటో తారీకు, మంగళవారం పొద్దున. ఎమ్మిగనూరులో ఆయన ముప్పై ఒక్క ఏళ్లుగా సోషల్ చెప్తున్న ప్రైవేటు హైస్కూలు. ప్రార్థన అయిపోయినా ఆరు వందల మంది పిల్లలను క్లాసులకు పంపకుండా ఎండలో నిలబెట్టారు. కరస్పాండెంట్ రంగనాథ్ ఒక కాగితం చేతికిచ్చి చదవమన్నాడు. దాంట్లో రెండే వాక్యాలు. పిల్లలకు దేశానికి వ్యతిరేకమైన పాఠం చెప్పినందుకు క్షమించమని మొదటిది. ఆ పాఠం కాగితానికి రెండో వైపు కూడా ఉందని తాను చెప్పింది అబద్ధమని రెండోది. మొదటి వాక్యాన్ని సారు హాజరు పిలిచినంత మామూలుగా చదివేశాడు. రెండో దాని దగ్గర ఆగాడు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. చదివాడు. ఆ మధ్యాహ్నమే ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. క్షమాపణ చెప్తే ఉంచుకుంటామని పొద్దున ఇచ్చిన మాట, అన్నాలు తినే వేళకు ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

రెండో వైపు ఉంది. అది ఎక్కడుందో ఆ ఊళ్లో ఒక్కడికే తెలుసు. బడి గేటుకు ఎదురుగా జిరాక్స్ అంగడి పెట్టుకున్న ఓబులేష్‌కు. సారు మైకులో చదివిన క్షమాపణ కాగితం టైపు చేసి ఇచ్చింది కూడా ఓబులేషే.

ఓబులేష్ ఇంటర్ మధ్యలో మానేశాడు. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. చదువు మానేశాడే కానీ చదవడం మానలేదు. అంగడికి వచ్చిన ప్రతి కాగితమూ అతని కంటి కింది నుంచి పోవలసిందే. భూముల దస్తావేజులు, ప్రేమలేఖలు, కోర్టు తీర్పులు, కోచింగు పిల్లల నోట్సు, అన్నీ. ఎవరైనా లావు పుస్తకం ఇచ్చి పేజీలు కొట్టమంటే తనకొక కాపీ వేసుకుని దారంతో కుట్టుకునేవాడు. ఊరికంతా అతని మీద చిన్నచూపే. అంత చదివి జిరాక్స్ కొడుతున్నాడని నవ్వేవాళ్లు. అతనికీ ఊరి మీద అంతే చిన్నచూపు. ఒక్క దేవేంద్రప్ప సారంటేనే గౌరవం. ఆ మాటకొస్తే అతనికి చదువు పిచ్చి అంటించిందే ఆయన.

సారు నేతగాళ్ల ఇంట పుట్టాడు. తండ్రిది గుంత మగ్గం. మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటూ, ఆసు మీద పడుగు పోగులు పోసుకుంటూనే డిగ్రీ అయిందనిపించి, ఉన్న ఒక్క బంగారు ఉంగరం అమ్మి బీఈడీ చేశాడు. సర్కారు ఉద్యోగం ఒకసారి రెండు మార్కులతో తప్పింది, ఇంకోసారి ఒక్క మార్కుతో. మూడో పరీక్ష పెట్టేసరికి వయసు దాటిపోయింది. ప్రైవేటు బడిలో చేరి అక్కడే ముసలివాడయ్యాడు. సైకిలు మీద వచ్చేవాడు, సైకిలు మీద పోయేవాడు. భార్య ఉరుకుందమ్మ ఇప్పటికీ పక్కింటి మగ్గానికి కండెలు చుట్టి పెడుతుంది. గైడు ముట్టుకోని సోషల్ సారు ఆ ఊళ్లో ఆయన ఒక్కడే. ఆ ఒక్క విషయం మీద తోటి టీచర్లు ఆయన వెనక నవ్వుకునేవాళ్లు.

సారు పుట్టిన నేతగాళ్ల వీధిలో ఒక పద్ధతి ఉండేది. ఇద్దరు తగువు పడి పెద్దమనుషుల ముందుకొస్తే, ఎవరి ఫిర్యాదు వాళ్లు చెప్పుకోవడానికి వీల్లేదు. ముందు ఎదుటివాడి ఫిర్యాదు చెప్పాలి, అదీ వాడే మాట్లాడుతున్నట్టు. 'అవును, నా మాట అదే' అని ఎదుటివాడు ఒప్పుకున్నాకే తన మాటకు వంతు. సారు చిన్నప్పుడు తండ్రికీ చిన్నాన్నకూ రెండిళ్ల మధ్య గోడ దగ్గర తగువొచ్చింది. తండ్రి, తన తమ్ముడి మాటలు చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయాడట. ఆ తర్వాత తన మాట చెప్పనేలేదట. గోడ తగువు ఆ పూటతో తేలిపోయింది. తేలిపోయిందంటే అన్నదమ్ములు కౌగిలించుకున్నారని కాదు. చచ్చేదాకా మాట్లాడుకోలేదు. గోడ మాత్రం ఎవరూ పడగొట్టలేదు, ఎవరి తలా పగల్లేదు. అంతకంటే ఇంకేం కావాలని సారు అడిగేవాడు.

ఆ పద్ధతినే ఆయన క్లాసులోకి తెచ్చాడు. ఏ పాఠంలో యుద్ధం వచ్చినా, దాని కారణాలు బోర్డు మీద రాసేవాడు కాదు. క్లాసులో బెంచీలు మూడు వరుసలు. ఎడమ వరుస ఒక దేశం, కుడి వరుస అవతలి దేశం. ఎవరి దేశం తరఫున వాళ్లు 'మేము' అంటూ రాయాలి, మేము ఎందుకు యుద్ధానికి దిగాల్సి వచ్చిందో. నడిమి వరుసకు దేశం లేదు. వాళ్లు రెండు వైపులవాళ్లు చదివింది విని ప్రశ్నలు అడగాలి. ఒక్క ప్రశ్నైనా అడగకుండా నడిమి వరుసలో ఎవరూ కూర్చోకూడదు. రెండు వరుసల్లో బాగా రాసిన కాగితాలు చెరొకటి ఏరి, ఎదురుగా ఉన్న అంగడిలో ఒకే కాగితానికి ముందూ వెనకా జిరాక్స్ కొట్టించి అందరికీ పంచేవాడు. తిప్పి చూడకుండా చదవడం కుదరని కాగితం అది.

ఓబులేష్ తొమ్మిదో తరగతిలో కూర్చుంది నడిమి వరుసలో. ఆ రోజు ఎడమ పక్క ఫ్రాన్సు, కుడి పక్క జర్మనీ. రెండు వరుసలూ పోటీ పడి కారణాలు చదివాయి. ఓబులేష్ వంతు వచ్చింది. "సార్, కొట్లాడేకి ఇద్దరికీ ఇన్ని కారణాలుండాయి గదా, ఆపేకి ఎవురికీ ఒక్క కారణం గూడా లేదా?" అని అడిగాడు. పిల్లలు నవ్వారు. సారు నవ్వలేదు, జవాబూ చెప్పలేదు. గంట కొట్టేదాకా చాక్‌పీసు చేతిలో తిప్పుకుంటూ నిలబడ్డాడు. మరుసటి రోజు అట్ట ఊడిపోయిన ఒక లావు చరిత్ర పుస్తకం తెచ్చి ఇచ్చాడు. ఓబులేష్ సొంతంగా చదివిన మొదటి పుస్తకం అదే. అతను అంగడి పెట్టాక సారు జిరాక్స్ పని ఇంకెవరికీ ఇవ్వలేదు.

నిరుడు మే నెలలో నాలుగు రోజులు రెండు దేశాల మధ్య బాంబులు, డ్రోన్లు నడిచాయి. ఎమ్మిగనూరు ఏ సరిహద్దుకూ దగ్గర కాదు. అయినా టీవీలో సైరన్లు మోగినప్పుడల్లా సోమప్ప సర్కిల్లో కుర్రాళ్లు బండ్ల మీద జెండాలతో తిరిగారు. బడులు తెరిచాక తొమ్మిదో తరగతి పిల్లలు సారును చుట్టుకున్నారు, ఆ యుద్ధం పెట్టండి సార్ అని. దాని గురించి తెలిసింది తక్కువ, అరిచింది ఎక్కువ, అది మీరు రేపు మీ పిల్లలకు చెప్పుకునే పాఠం అన్నాడు సారు. కావాలంటే మొదటిది చూద్దాం, పందొమ్మిది వందల నలభై ఏడులో కాశ్మీరు కోసం జరిగింది, అన్నిటికీ అక్కడే మొదలు అన్నాడు.

ఇక్కడ ఆయనొక పని చేశాడు, ముప్పై ఏళ్లలో ఎన్నడూ చేయనిది. మన దేశం వచ్చే ఏ పాఠమైనా మన దేశం ఎడమ వరుసది, అవతలి దేశం కుడి వరుసది. పిల్లలు ఎక్కడ కూర్చుంటే అక్కడే, ఎవరినీ జరిపేవాడు కాదు. ఆ ఏడాది కుడి వరుసలో ఇద్దరు ముస్లిం పిల్లలున్నారు. వాళ్లలో ఇర్ఫాన్ అనేవాడు క్లాసులో మంచి చదువరి. వాడి చేత 'మేము' అని పాకిస్తాన్ తరఫున రాయిస్తే రేపు వీధిలో వాడిని ఏమని పిలుస్తారో సారుకు తెలుసు. అందుకని వరుసలు తిప్పేశాడు. ఆ పూటకు కుడి వరుస భారతదేశం, ఎడమ వరుస పాకిస్తాన్. పిల్లలెవరూ ఏమీ అనుకోలేదు.

ఎడమ వరుసలో బాగా రాసినవాడు చైతన్య. వాడి తండ్రి బసవరాజ్ కాంట్రాక్టరు, వార్డులో చిన్న నాయకుడు. కుడి వరుసలో బాగా రాసినవాడు ఇర్ఫాన్.

శనివారం మధ్యాహ్నం సారు ఆ రెండు కాగితాలూ తెచ్చాడు. నలభై కాపీలు, ముందూ వెనకా. ఆఖరి పీరియడ్‌లో పంచాలి. ఓబులేష్ చైతన్య కాగితం ముందు పెట్టాడు, దస్తూరి గుండ్రంగా ఉందని. మిషన్ ఒక్కొక్కటే కక్కుతుంటే అలవాటు కొద్దీ చదివాడు. 'మా నదులన్నీ ఆ కొండల్లోంచే దిగుతాయి. అవి వేరేవాళ్ల చేతుల్లో ఉంటే మా చేలు ఎవరి దయ మీద తడవాలి? అక్కడి జనంలో ఎక్కువమంది మా మతంవాళ్లు. కాశ్మీరు రాజు జనాన్ని అడక్కుండా భారతదేశంలో కలుస్తానని సంతకం పెట్టాడు. అందుకే మేము దిగినాం.' నలభై అయ్యాయి. ఇర్ఫాన్ కాగితం అద్దం మీద పెట్టి మూత వేస్తుండగానే కరెంటు పోయింది.

పది నిమిషాలు చూశారు. రాలేదు. సోమవారం పంచుతాలే, సగం కాగితం ఇయ్యకూడదు అన్నాడు సారు. ఓబులేష్‌కు అంగడి కట్టేసి ఆదోనిలో ఒక పెండ్లికి పోవలసి ఉంది.

"తీసుకపోండి సార్. ఒక్క ఆదివారమే గదా. సోమవారం పిల్లోళ్ల కాడ వాపసు తీసుకోని ఇయ్యండి, వెనకపక్క కొట్టి ఇస్తా. ఏమైతాది?"

సారు కాసేపు ఆ కట్టను చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పిల్లలు ఎదురు చూస్తుంటారని తీసుకుపోయాడు. ఇర్ఫాన్ కాగితం అద్దం మీదే ఉండిపోయింది.

బసవరాజ్‌ను దుర్మార్గుడని తీసి పడేయడం తేలిక. ఓబులేష్ చాలా రోజులు ఆ పనే చేశాడు. కానీ బసవరాజ్ తమ్ముడు సైన్యంలో ఉన్నాడు, సరిహద్దు కాడనే. మేలో ఆ నాలుగు రోజులూ ఆ తమ్ముడి ఫోను కలవలేదు. వాళ్లమ్మ అన్నం ముట్టలేదు. అట్లాంటి ఇంట్లో ఆదివారం పొద్దున చాప మీద ఒక కాగితం దొరికింది. పైన తన కొడుకు పేరు. కింద, 'అందుకే మేము దిగినాం'. వెనక్కి తిప్పి చూశాడు. తెల్లగా ఉంది. కొడుకు ఏదో చెప్పబోయాడు, చెంప పగిలింది. ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. మధ్యాహ్నానికి ఆ ఫోటో కర్నూలు దాటి పోయింది.

సోమవారం పొద్దున బడి ముందు నూరు మంది. రంగనాథ్ గదిలో సారు ఒకటే మాట చెప్పాడట. ఆ కాగితానికి రెండో వైపు ఉంది, మన దేశం వాదన, అది ఓబులేష్ అంగడిలో ఉంది, తెప్పించి చూడండి. బసవరాజ్ ఇద్దరు మనుషులతో రోడ్డు దాటి అంగడికి వచ్చాడు.

ఓబులేష్ అప్పుడే షట్టరు ఎత్తాడు. మిషన్‌కు వీపు ఆనించి నిలబడ్డాడు. కాగితం మూత కిందనే ఉంది, శనివారం పెట్టింది పెట్టినట్టు.

"ఏమప్పా, ఇది నీ మిషన్లో కొట్టిందేనా?"

"మా మిషన్‌దే అన్నా. సారు ఇచ్చినాడు, కొట్టిచ్చినా."

"చదివినావా?"

"ఇచ్చింది కొట్టేదే అన్నా నా పని. చదివేది నాకెందుకు?"

వెంట వచ్చినవాడొకడు నవ్వాడు. "పెండ్లిపత్రిక ఇచ్చినా చదివే కొడ్తావంట గదప్పా నువ్వు. ఇదొక్కటి చదవలేదా?" అందరూ నవ్వారు. ఓబులేష్ కూడా నవ్వాడు.

"దీనికి ఇంగో పక్క ఉండాదంటాండాడు ఆయప్ప," అన్నాడు బసవరాజ్. "ఉండాదా?"

ఆ ఒక్క క్షణంలో ఓబులేష్‌కు శానా కారణాలు తోచాయి. ఉందంటే, ఈ కాగితం చదివే కొట్టావన్నమాట అంటారు. కొట్టినవాడు కూడా సారుతో కలిసినవాడే అంటారు. షట్టరు పగలగొడితే అడిగే దిక్కు లేదు. బడి పరీక్ష కాగితాలన్నీ రంగనాథ్ తన దగ్గరే కొట్టిస్తాడు, అది పోతే అంగడి మూసుకోవడమే. సారు పెద్దమనిషి, ఆయన మాట ఎట్లయినా నమ్ముతారు. అన్నీ నిజమైన కారణాలే. ఏ ఒక్కటీ అబద్ధం కాదు.

"లేదన్నా. ఇదొక్కటే ఇచ్చినాడు."

వాళ్లు పోయాక మూత ఎత్తి కాగితం తీసి సొరుగులో వేసి తాళం పెట్టాడు. అంతలో ఎవరో రేషను కార్డు తెచ్చారు. రెండు కాపీలు కొట్టాడు.

మధ్యాహ్నం దాటాక ఉరుకుందమ్మ వచ్చింది. ఎండలో నడిచి వచ్చింది, చీర కుచ్చిళ్ల మీద నూలు పోగులు అంటుకుని ఉన్నాయి. సారు పంపలేదని, తనే వచ్చానని ముందే చెప్పింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ పిలగాడు రాసిన కాగితం నీ కాడ ఉండాదంట గదా నాయనా. ఉద్యోగం పోతే పోనీ, కండెలు చుట్టుకోనైనా బతుకుతాం. ఆయప్ప మాట అబద్ధం అయితాండాది. అదొక్కటి నిలబెట్టు."

చెత్తలో పోయిందని చెప్పాడు ఓబులేష్. శనివారమే ఊడ్చేశానన్నాడు. ఆమె అంగడి అంతా ఒకసారి చూసింది. పక్కన కుప్ప పోసిన పాత కాగితాలు, నెలల తరబడి ఊడ్వనివి, అక్కడే ఉన్నాయి.

"సరేలే నాయనా. పోయినదానికి నువ్వేం జేస్తావు," అని వెళ్లిపోయింది.

సాయంత్రం రంగనాథ్ ఓబులేష్‌ను బడికి పిలిపించాడు, టైపు పనికి. గదిలో బసవరాజ్, సారు, ఇంకో నలుగురు. సారు ఓబులేష్ వైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. రంగనాథ్ మెత్తగా మాట్లాడే మనిషి. సారు మీద తనకేమీ కోపం లేదని, అడ్మిషన్ల కాలంలో పదిమంది తండ్రులు టీసీలు అడుగుతున్నారని, ఒక క్షమాపణతో పోయేదాన్ని పెంచుకోవద్దని చెప్పాడు. సారు ఒప్పుకోలేదు. తప్పు చేసుంటే చెప్తా, లేని అబద్ధం ఎట్లా ఒప్పుకుంటా అన్నాడు. అట్లాగే ఇంకో గంట నిలబడి ఉండేవాడేమో. కానీ బసవరాజ్ కొడుకును అడిగి ఒక సంగతి తెలుసుకుని వచ్చాడు.

"ఎప్పుడూ కుడి వరుసకే ఇస్తావంట గదా సార్ అవతలి దేశం. ఈ తూరి మా పిల్లోళ్లకు ఎందుకిచ్చినావు? ఆ కుడి వరుసలో ఎవురుండారు?"

ఓబులేష్‌కు జవాబు తెలుసు. శనివారం కాగితం మీద ఇర్ఫాన్ పేరు చూసినప్పుడే అతనికి అర్థమైంది. సారు ఆ జవాబు చెప్తే రేపు పొద్దున ఆ నూరు మంది నిలబడేది బడి ముందు కాదు, ఇర్ఫాన్ వాళ్ల ఇంటి ముందు. ఆ కాగితం పొద్దునే బయటికి వచ్చి ఉంటే, మన దేశం కోసం అంత బాగా వాదించింది ఆ పిల్లవాడేనని చూసి ఉంటే, ఈ ప్రశ్న దాకా వచ్చేదే కాదు. 'పిలవని ఇంటికి మేము పోలేదు. రాజు సంతకం పెట్టి పిలిచినాకే పోయినాం' అని రాశాడు వాడు. ఇప్పుడా కాగితం తెచ్చినా లాభం లేదు. పొద్దున లేనిది సాయంత్రం ఎక్కడి నుంచి వచ్చిందంటారు, మధ్యాహ్నం కూర్చోబెట్టి రాయించారంటారు.

సారు కుర్చీలో కొంచెం వెనక్కి జరిగాడు. "రాయించప్పా రంగనాథ్. ఏం రాయల్లనో అది రాయించు. చదువుతా," అన్నాడు.

రంగనాథ్ చెప్తుంటే ఓబులేష్ టైపు చేశాడు. రెండో వాక్యం రంగనాథ్‌ది కాదు, బసవరాజ్ చేర్పించింది. 'అబద్ధం' అన్న మాట దగ్గర ఓబులేష్ వేళ్లు తడబడలేదు. ఆ సంగతే తర్వాత అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

ఆ తర్వాత ఏమీ కాలేదు. అదే చెప్పుకోవలసిన సంగతి. నెల తిరిగేసరికి ఊరు ఇంకో గొడవలో పడింది. సోషల్‌కు కొత్త టీచరు వచ్చింది, గైడు చూసి బోర్డు మీద కారణాలు రాస్తుంది, మార్కుకొక పాయింటు. మూడు వరుసలూ ఒకటే రాసుకుంటాయి. బసవరాజ్ తమ్ముడు సెలవు మీద వచ్చాడు, సంగతి విని, మాకే తెలియదు ఎందుకు కాలుస్తామో, పిల్లోళ్లు రాస్తే ఏమైతాది అన్నాడట. ఆ మాట ఏ గ్రూపులోనూ పెట్టలేదు. ఇర్ఫాన్‌ను వాళ్ల నాయన ఆదోని బడిలో చేర్చాడు. పంద్రాగస్టుకు బడి పంచిన కరపత్రం ఓబులేష్ దగ్గరే కొట్టించింది.

ఓబులేష్‌కు చదవడం మీద విసుగు పుట్టింది. రెండు దేశాలు ఎందుకు కొట్లాడుకుంటాయో చెప్పే పుస్తకాలు అతని దగ్గర పదకొండు ఉన్నాయి, అన్నీ జిరాక్స్‌వే. నీళ్లంటాడొకడు, మతమంటాడొకడు, గీత గీసి పోయిన తెల్లవాళ్లంటాడొకడు, ఆయుధాలు అమ్ముకునేవాళ్లంటాడు ఇంకొకడు. ఏ పుస్తకం తెరిచినా రెండు పేజీలు దాటకుండానే కన్ను సొరుగు మీదికి పోయేది. ఎవరూ చూడనప్పుడు తాళం తీసి కాగితం ఉందో లేదో చూసుకునేవాడు. చూసి మళ్లీ తాళం వేసేవాడు.

సారు మంత్రాలయంలో ఒక లాడ్జిలో కుదిరాడని డిసెంబరులో తెలిసింది. ఎమ్మిగనూరులో ఇంకే బడీ తీసుకోలేదు, ఆ ఫోటో ఇంకా అందరి ఫోన్లలోనూ ఉంది. ఒక గురువారం ఓబులేష్ అంగడి కట్టేసి, కాగితం చొక్కా జేబులో పెట్టుకుని బస్సెక్కాడు.

గురువారం కావడంతో మఠం వీధంతా జనం. లాడ్జి బల్ల వెనక సారు కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. బళ్లారి నుంచి వచ్చిన కుటుంబం ఒకటి గది అడుగుతుంటే కన్నడంలో జవాబు చెప్తూ, ఆధార్ కార్డు జిరాక్స్ ఇమ్మన్నాడు. వాళ్లు ముందు వైపు ఒక్కటే ఇచ్చారు. రెండో వైపు గూడా కావాలని, ఎదురుగా అంగడిలో కొట్టించుకుని రమ్మని పంపాడు. అప్పుడు తలెత్తి ఓబులేష్‌ను చూశాడు. కోపమేమీ కనబడలేదు. భోజనం చేసినావా అని అడిగాడు. బల్ల దగ్గర ఇంకొకర్ని కూర్చోబెట్టి, తుంగభద్ర వైపు నడిచాడు. ఓబులేష్ వెనకే నడిచాడు.

నది చిక్కిపోయి బండల మధ్యన పారుతోంది. మెట్ల మీద కూర్చున్నారు. ఉరుకుందమ్మ ఊళ్లోనే ఉందని, కండెలు వదిలి రానంటున్నదని, తనకు ఇక్కడ బాగానే జరుగుతోందని సారు చెప్పాడు. ఇర్ఫాన్ ఫోను చేస్తుంటాడని, ఆదోనిలో ఫస్టు వస్తున్నాడని చెప్పాడు. ఆ పేరు వచ్చాక ఓబులేష్ ఇక ఉండలేకపోయాడు. జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. మడతల దగ్గర నలిగి చిరిగింది.

సారు కళ్లద్దాలు తుడుచుకుని మొదటి నుంచి ఆఖరు దాకా చదివాడు. పరీక్ష పేపరు దిద్దేటప్పుడు చదివినట్టే, తొందర లేకుండా. మార్జిన్‌లో తను జులైకి ముందు ఎర్ర సిరాతో పెట్టిన టిక్కు మీద బొటనవేలు పెట్టి రుద్దాడు.

"యాడుండె ఇది?"

"సొరుగులో సార్. ఆ పొద్దు నుంచీ సొరుగులోనే ఉండె."

భయపడ్డానని చెప్పాడు ఓబులేష్. బసవరాజ్, షట్టరు, పరీక్ష కాగితాలు, అన్నీ చెప్పాడు. సారు మీద నమ్మకంతోనే అట్లా చేశానని కూడా చెప్పాడు. చెప్పేకొద్దీ ఒక్కొక్కటీ ఇంకా బాగా అతికినట్టు వచ్చింది. సారు అడ్డు రాలేదు, క్లాసులో ఏ వరుస చదువుతున్నా విన్నట్టే విన్నాడు. అంతా అయ్యాక కాగితాన్ని పాత మడతల మీదనే మడిచి, తిరిగి ఓబులేష్ జేబులో పెట్టాడు.

"నైన్త్‌లో నడిమి వరుసలో కూర్చోని నన్నొక మాట అడిగితివి, గుర్తుండాదా? ఆపేకి ఎవురికీ ఒక్క కారణం గూడా లేదా అని. ఆ పొద్దు నాకు జవాబు తెలియలేదప్పా. ఇప్పుడు రాసుకో. ఆపేకి కారణం అందరి కాడా ఉంటాది. నీ మాదిరే సొరుగులో పెట్టి తాళమేసుకోని కూర్చుంటారు."